చంద్రపూర్‌లో మా పేటను ఎంచుకున్న మూడు నెలలు

2023 ఫిబ్రవరిలో నాకు మంచిర్యాల నుంచి మహారాష్ట్రలోని చంద్రపూర్‌కు బదిలీ ఉత్తర్వు వచ్చింది. నేను ఒక బీమా సంస్థలో పనిచేస్తాను. మా వారు మంచిర్యాల దగ్గర ఒక పాఠశాలలో ఉపాధ్యాయులు కాబట్టి ఆయన ఊరు విడిచి రావడం కుదరదు. అందువల్ల కొత్త ఊరికి కదలవలసింది నేనూ, రెండో తరగతి ముగిస్తున్న మా పాపా, డెబ్బై దాటిన మా అత్తమ్మా. పాపకు చలికాలంలో పిల్లికూతలు వస్తాయి, ఇన్‌హేలరు ఇంట్లో ఎప్పుడూ ఉండవలసిందే. అత్తమ్మకు తెలుగు తప్ప మరో భాష రాదు, మోకాళ్ల నొప్పితో మెట్లు ఎక్కలేరు. చంద్రపూర్ అనగానే మా బంధువుల్లో సగం మంది అన్న మాట ఒక్కటే: "అక్కడ అంతా బొగ్గు దుమ్మే కదా, పిల్లను ఎట్లా తీసుకుపోతావు?"

ఆ మాటలో నిజం లేకపోలేదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు కాలుష్య సూచిక కట్టినప్పుడు చంద్రపూర్ 83.88 మార్కులతో, అత్యంత కలుషితమైన వాటిలో నాలుగో స్థానంలో నిలిచింది. ఊరికి ఉత్తరాన 2,920 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం ఉంది, చుట్టూ భూగర్భ గనులు, ఓపెన్‌కాస్టు గనులు, సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. కానీ లక్షల మంది నివసించే ఊరంతా ఒకే గాలి పీలుస్తుందని నేను నమ్మలేదు. ఒక వీధికీ మరో వీధికీ తేడా ఉంటుందనీ, ఆ తేడాను వెతికి పట్టుకోవడమే నా పని అనీ అనుకున్నాను. అయితే ఆ పనిని మొదట తప్పుగానే ప్రారంభించాను.

తప్పు ఏమిటంటే, ఊరు చూడకుండానే ఇల్లు చూశాను. మార్చిలో ఒక ఏజెంటు ఫోనుకు ఫొటోలు పంపాడు. ఇరై నది వైపు కొత్తగా వేసిన లేఅవుట్‌లో రెండు పడక గదుల ఇల్లు, నేల అంతస్తు, ముందు కొంచెం ఖాళీ స్థలం, అత్తమ్మకు మెట్ల బాధ లేదు, ఆఫీసుకు పదిహేను నిమిషాలు. మరొకరు అడుగుతున్నారని తొందర పెడితే ఐదు వేల రూపాయలు టోకెన్ పంపాను. ఏప్రిల్ 3న ఉద్యోగంలో చేరడానికి దిగేసరికి మహాకాళీ యాత్ర జరుగుతోంది. చైత్రంలో పున్నమి దాకా జరిగే ఆ యాత్రకు నాందేడ్ నుంచి, మన తెలంగాణ జిల్లాల నుంచి వచ్చే భక్తులతో ఊరు నిండిపోతుంది. లాడ్జీలలో గది దొరకక, ఆఫీసులో ఒక సహోద్యోగిని ఇంట్లో రెండు రాత్రులు తలదాచుకుని, మూడో రోజు ఆ ఇల్లు చూడటానికి వెళ్లాను.

ఇల్లు ఫొటోలలో ఉన్నట్టే ఉంది. కొత్త సున్నం వాసన ఇంకా పోలేదు. హాలులో గోడకు నడుము ఎత్తు వరకు ముదురు రంగు ఆయిల్ పెయింటు, ఆ పైన లేత రంగు. అది అందానికే అనుకునేదాన్నేమో గాని, స్విచ్చుబోర్డులు చూసి ఆగిపోయాను. అన్నీ నా భుజం కంటే ఎత్తులో ఉన్నాయి. ఒక్కో బోర్డుకు సరిగ్గా కింద, మోకాలి ఎత్తులో, సిమెంటుతో పూడ్చిన చదరపు మచ్చ ఒకటి రంగు కింద నుంచి కనిపిస్తోంది. వంటింట్లో ఫ్రిజ్ పెట్టుకోవడానికి ఇటుకలతో రెండడుగుల దిమ్మె కట్టి ఉంది. బయటికి వచ్చి ప్రహరీ గోడ అవతలి ముఖం చూస్తే అక్కడ ఎవరూ రంగు వేయలేదు. గోడ పొడవునా, కొలబద్దతో గీసినట్టు, మట్టిరంగు చార ఒకటి నా పొట్ట ఎత్తున సాగిపోయింది. పక్కింటి ఆమెను హిందీలో అడిగితే, ఆమె చేతిని ఆ చారకు ఆనించి మరాఠీలో చెప్పింది: "గేల్యా వర్షీ ఇథపర్యంత్ పాణీ హోతం." పోయిన ఏడు నీళ్లు ఇంతవరకు వచ్చాయి.

మంచిర్యాల మనిషిని కాబట్టి ఆ చార అర్థం నాకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. 2022 జూలైలో గోదావరి నిండుగా పారుతున్నప్పుడు రాళ్లవాగు నీళ్లు నదిలోకి పోలేక వెనక్కి తన్ని మా ఊళ్లో కాలనీలను ముంచడం కళ్లారా చూశాను. ఇక్కడ ఇరై కథ కూడా అదే. ఊరికి ఎగువన ఇరై ఆనకట్ట ఉంది. విద్యుత్ కేంద్రానికీ ఊరికీ నీళ్లిచ్చేది అదే, వానలు ముమ్మరమైతే గేట్లు ఎత్తేదీ అక్కడే. దిగువన ఇరై వర్ధా నదిలో కలుస్తుంది. వర్ధా పొంగి ఉన్నప్పుడు ఇరై నీరు ముందుకు కదలదు, ఊరిలోని లోతట్టు పేటలలోకి మళ్లుతుంది. 2013లోనూ 2022లోనూ అలాగే జరిగింది. టోకెన్ తిరిగి ఇమ్మని ఏజెంటును అడిగితే, ఇల్లు వద్దన్నది మీరే కదా అన్నాడు. ఆ ఐదు వేలు పోయాయి. గోడకు రంగు వేసి వరద మచ్చ దాచడం ఒక కుటుంబం బతుకుతో ఆడుకోవడమే. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

దాంతో ఇల్లు వెతకడం ఆపేశాను. వర్కింగ్ విమెన్స్ హాస్టల్‌లో ఒక మంచం తీసుకుని, పాపకూ అత్తమ్మకూ జూన్ దాకా మంచిర్యాలలోనే ఉండమని చెప్పాను. చంద్రపూర్ ఉన్న విదర్భ ప్రాంతంలో ఎండల కారణంగా బడులు మిగిలిన మహారాష్ట్ర కంటే ఆలస్యంగా, జూన్ చివరలో తెరుస్తారు. ఆ వెసులుబాటు నాకు పెద్ద వరమైంది. మూడు నెలలు చేతిలో ఉన్నాయి. సాయంత్రాలూ ఆదివారాలూ పేటలు తిరిగాను.

మొదట తెలుసుకున్నది వరద గీతల సంగతి. మహారాష్ట్రలో జలవనరుల శాఖ నదుల వెంట రెండు గీతలు నిర్ణయిస్తుంది. పాతికేళ్లకు ఒకసారి రాగల వరద చేరే మేరను నీలి పూర్‌రేషా అంటారు, నూరేళ్లకు ఒకసారి రాగల వరద చేరే మేరను ఎర్ర పూర్‌రేషా అంటారు. నగరపాలిక నగర రచనా విభాగంలో అడిగితే ఈ గీతలు ఉన్న పటం చూపిస్తారు. కొనేవాళ్లు మాత్రమే కాదు, అద్దెకు వచ్చేవాళ్లు కూడా అడగవచ్చు. పటంలో చూసిన దాన్ని పేటలో గోడల మీద సరిచూసుకునేదాన్ని. కిరాణా కొట్టులో కింది అర ఎంత ఎత్తులో ఉంది, కరెంటు మీటర్లు ఎక్కడ బిగించారు, పాత ఇళ్లకు గడపలు ఎంత ఎత్తున కట్టారు అన్నవి పటం కంటే స్పష్టంగా చెబుతాయి. పాత ఊరికి గోండు రాజుల కోట గోడ ఇప్పటికీ చుట్టూ నిలిచి ఉంది. జట్‌పురా, అంచలేశ్వర్, బింబా, పఠాన్‌పురా అని నాలుగు పెద్ద ద్వారాలు. బింబా ద్వారం దాటి ఇరై వైపు దిగే కొద్దీ గోడల మీది చారలు పైకి ఎక్కుతూ పోవడం నేనే గమనించాను.

ఆఫీసులో ప్రతి ఒక్కరూ ఒక సలహా ఇచ్చారు. దగ్గర్లోని గనుల ఊరు ఘుగుస్‌లో అద్దెలు తక్కువ అని ఒకరన్నారు. అక్కడ 2022 ఆగస్టులో ఒక ఇల్లు ఉన్నపళంగా భూమిలోకి కుంగిపోయింది. ఇంటివాళ్లు ముందే బయటికి వచ్చారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. ఆ ఒక్క కారణంతో ఊరినంతా తప్పు పట్టడం న్యాయం కాదు గాని, నేను వెళ్లలేదు. బల్లార్‌పూర్ అయితే రైళ్లన్నీ ఆగుతాయి, మా వారు శనివారం రావడానికి సులువు. కానీ అక్కడి నుంచి నా ఆఫీసుకు పదిహేను కిలోమీటర్లు. పాపకు ఒంట్లో బాగాలేక బడి నుంచి ఫోను వస్తే నేను చేరడానికి ముప్పావు గంట. వారానికి ఒకసారి వచ్చే మనిషి సౌకర్యం కోసం రోజూ ఉండే మనుషులను దూరం పెట్టడం సరికాదని మా వారే అన్నారు.

దుర్గాపూర్ వైపు ఒక సహోద్యోగి ఇంటికి భోజనానికి వెళ్లినప్పుడు ఆ ప్రాంతం నాకు చాలా నచ్చింది. పెద్ద చెట్లు, వెడల్పాటి రోడ్లు, పిల్లలు ఆడుకునే మైదానం. చీకటి పడేవేళకు ఆమె వాకిట్లోకి వచ్చి పిల్లలందరినీ పేరుపేరునా లోపలికి పిలిచింది. పులులుండే తాడోబా అడవి ఆ వైపే ఉంది. 2022 ఫిబ్రవరిలో ఒకటి రెండు రోజుల తేడాలో విద్యుత్ కేంద్రం దగ్గర పులి చేతిలో ఒక కార్మికుడు, దుర్గాపూర్‌లో చిరుత చేతిలో ఒక కుర్రవాడు చనిపోయారు. అక్కడ పుట్టి పెరిగినవాళ్లకు జాగ్రత్తలు ఒంటబట్టి ఉంటాయి. మా అత్తమ్మ తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి వాకిలి ఊడ్చే మనిషి. ఆమె అలవాటును మాన్పించి అక్కడ కాపురం పెట్టడం నాకు మనస్కరించలేదు.

నా మనసు నిజంగా లాగింది బాబూపేట వైపు. రైలు పట్టాలకు అవతల, లాల్‌పేట బొగ్గు గనుల పక్కన ఉన్న ఆ పేటలో మనవాళ్లు చాలామంది ఉన్నారు. మొదటిసారి వెళ్లినప్పుడు ఒక ఇంటి ముందు సర్వపిండి వాసన వచ్చి నిలబడిపోయాను. ఆ ఇంటావిడ, మా అత్తమ్మ ఈడు మనిషి, పిలిచి నీళ్లిచ్చి కూర్చోబెట్టింది. వాళ్ల మామగారు బొగ్గుబాయి పనికని కరీంనగర్ దిక్కు నుంచి వచ్చారట. మూడు తరాలు గడిచాయి. మనవలు బడిలో మరాఠీ, వీధిలో హిందీ, ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నారు. ఉగాది పచ్చడి చేసి, అదే రోజు వాకిట్లో మరాఠీ కొత్త సంవత్సరపు గుఢీ కూడా నిలబెడతామని ఆమె చెప్పింది. రెండు పండుగలూ ఒకే తిథి కదా. అత్తమ్మకు ఇంతకంటే మంచి పొరుగు దొరకదని నాకు అక్కడే అనిపించింది. రెండిళ్ల అవతల నేల అంతస్తులో రెండు గదులు ఖాళీగా ఉన్నాయని కూడా తెలిసింది. వరద భయం లేదు, నల్లా నీళ్లు వస్తాయి, అద్దె నా అంచనాకు లోపలే ఉంది.

నేను ఉత్సాహంగా ఆ ఇంటి యజమాని నంబరు అడిగాను. ఆమె నంబరు ఇవ్వకుండా పాప గురించి అడిగింది. పిల్లికూతల మాట వినగానే కాసేపు ఊరుకుని అన్నది: "పొద్దుగాల మంచిగనే ఉంటది బిడ్డా. ఒక్కసారి పొద్దుమీకి రా. నీకే ఎరుకైతది."

మరునాడు సాయంత్రం ఆరున్నరకు వెళ్లాను. అదే సందు, అవే ఇళ్లు. గడపకొకటి కాకపోయినా మూడిళ్లకు ఒకటి చొప్పున వాకిట్లో ఇనుప సిగిడీ, అంటే బొగ్గుల కుంపటి, రాజేసి పెట్టారు. గని చుట్టుపక్కల బొగ్గు చవకగా దొరుకుతుంది, గ్యాసు బండకు డబ్బు కావాలి. రాత్రి వంటకూ నీళ్ల కాగుకూ చాలా ఇళ్లలో బొగ్గే. పచ్చి బొగ్గు అంటుకునేటప్పుడు ముందు పసుపు కలిసిన తెల్లని దట్టమైన పొగ వస్తుంది, అది పైకి లేవకుండా మోకాళ్ల ఎత్తున సందంతా పరుచుకుంటుంది. వాళ్ల వాకిలి చేరేలోపే నా గొంతు మండింది. విద్యుత్ కేంద్రం పొగగొట్టాల గురించి అందరూ చెప్పారు గాని, ఈ కుంపటి గురించి ఒక్కరూ చెప్పలేదు. గొట్టం పొగ ఆకాశంలో ఎక్కడో వదిలితే, ఈ పొగ పిల్లల ముక్కు ఎత్తున ఉంటుంది. ఆ ఇంటావిడ నన్ను చూసి ఏమీ అనలేదు, కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి పిలిచింది. తన పొరుగుకు ఒక తెలుగు మనిషి వస్తుందని ఆశపడి కూడా, నా బిడ్డ కోసం నిజం చెప్పిన మనిషి ఆమె. ఆమె రుణం నేను తీర్చుకోలేను.

అప్పటి నుంచి ఏ పేటనైనా నాలుగు వేళల్లో చూడాలని నియమం పెట్టుకున్నాను: తెల్లవారుజామున, నడి మధ్యాహ్నం, కుంపట్ల వేళ, రాత్రి పది తర్వాత. రాత్రి పది తర్వాత తెలిసేది బొగ్గు లారీల దారి. పగలు ఖాళీగా కనిపించే రోడ్డు మీద రాత్రి లారీలు బారులు తీరి పోతుంటే, రోడ్డు మీద పడి నలిగిన బొగ్గు మెత్తని పొడి అయి ఇళ్లలోకి లేస్తుంది. గాలి నాణ్యత అంకెలు కూడా చూశాను. చంద్రపూర్‌లో మహారాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి కొలిచే కేంద్రాలు ఊళ్లో ఒకటి, ఖుటాలా పారిశ్రామిక వాడలో ఒకటి ఉన్నాయి. మన దేశ ప్రమాణం ప్రకారం 24 గంటల సగటున ఘనపు మీటరు గాలిలో పీఎం 10 అనే సన్నని ధూళి 100 మైక్రోగ్రాములు, అంతకంటే సన్నని పీఎం 2.5 ధూళి 60 మైక్రోగ్రాములు దాటకూడదు. ఆ అంకెలు ఏ నెల బాగుంటుందో, ఏ నెల పాపను ఇంట్లో ఉంచాలో చెప్పడానికి పనికొచ్చాయి. కానీ రెండు కేంద్రాల అంకెలు ఒక సందు గురించి చెప్పలేవు.

దానికి నేను చేసిన పని చాలా చిన్నది. నచ్చిన మూడిళ్లలో, ఇంటివాళ్ల అనుమతితో, డాబా మీద నీళ్ల ట్యాంకు మూతను శుభ్రంగా కడిగించి, సరిగ్గా రెండు రోజుల తర్వాత వెళ్లి తడిపిన తెల్ల జేబురుమాలుతో ఒకే ఒక్కసారి తుడిచాను. మూడు రుమాళ్లనూ హాస్టల్ కిటికీ దగ్గర పక్కపక్కన ఆరేశాను. లారీల దారికి దగ్గరగా ఉన్న ఇంటి రుమాలు కాటుక తుడిచినట్టు నల్లగా, జిడ్డుగా ఉంది, ఎంత ఉతికినా మచ్చ వదల్లేదు. రెండోది బూడిదరంగు. మూడోది, రామ్‌నగర్ వైపు ఒక లోపలి సందులోని ఇంటిది, మట్టిరంగు. మామూలు వీధి దుమ్ము, మంచిర్యాలలో మా డాబా మీద ఉండేలాంటిదే. ఇది శాస్త్రం కాదని నాకు తెలుసు. ఆ రెండు రోజుల్లో గాలి ఎటు వీచిందో కూడా నేను రాసుకోలేదు. అయినా ముందు రోజు వరకు నా మనసు రెండో ఇంటి వైపు ఉండేది, ఆ రుమాళ్లు చూశాక మూడో ఇంటికి మారింది.

మూడో ఇంటి అద్దె రెండు వేలు ఎక్కువ. నేల అంతస్తే. పైన ఇంకో అంతస్తు ఉండటంతో, మే నెలలో ఎండ మండిపోయిన రోజున కూడా గదులు కొలిమిలా కాలేదు. డాబా కిందే ఉండే గదిలో కూలరు ఎంత తిప్పినా వేడిగాలే. పైగా ఆ ఊళ్లో వేసవి కూలరు అడిగే నీళ్లు ఒక మనిషి స్నానానికి మించిపోతాయి కాబట్టి, ట్యాంకు పెద్దదా చిన్నదా అని కాక, మే నెలలో నల్లా ఎన్ని గంటలు వస్తుందని పొరుగువాళ్లను అడగాలి.

కరారు దగ్గర కొంత పట్టుబట్టవలసి వచ్చింది. యజమాని మంచివారే గాని, పదకొండు నెలల కరారు కాగితం మీద నోటరీ చేయిస్తే చాలన్నారు. మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం, 1999 లోని 55వ సెక్షన్ ప్రకారం అద్దె ఒప్పందం రాతపూర్వకంగా ఉండి రిజిస్టరు కావాలి, చేయించే బాధ్యత యజమానిదే. చేయించకపోతే, షరతుల విషయంలో వివాదం వచ్చినప్పుడు అద్దెదారు చెప్పిన మాటే, అది తప్పని రుజువయ్యేదాకా, చెల్లుతుంది. ఈ సంగతి మర్యాదగా చెబితే ఆయనే ఆన్‌లైన్‌లో రిజిస్టరు చేయించడానికి ఒప్పుకున్నారు. వేలిముద్రలు ఇవ్వడం, పోలీసు ఠాణాలో అద్దెదారు వివరాలు నమోదు చేయించడం వారం రోజుల్లో అయిపోయాయి. పాప బడికి, గ్యాసు కనెక్షన్‌కు, అన్నింటికీ ఆ కాగితమే పనికొచ్చింది.

బడి గురించి నేను పడిన బెంగ అంతా వృథా. 2020లో చేసిన చట్టంతో మహారాష్ట్రలో ఏ బోర్డు బడిలోనైనా మరాఠీ తప్పనిసరి అయింది. పాప మూడో తరగతిలో కొత్త భాషతో తికమకపడుతుందనుకున్నాను. కానీ ఉత్తరాది పిల్లల నోరు తిరగని "ళ" మనకు ఉగ్గుపాలతో వచ్చిన అక్షరం. "కాళా", "ఫళా" అని తను తడుముకోకుండా చదివితే టీచరు ఆశ్చర్యపోయారట.

జూన్ ఆఖరి వారంలో సామాను దింపాం. జూలైలో ఒక రాత్రి కుండపోత కురిసి, తెల్లారేసరికి ఊళ్లో చాలా చోట్ల నీళ్లు నిలిచాయి. మా సందులో మడమలు తడిసేంత నీరు వచ్చి, పది గంటలకల్లా తీసేసింది. ఆ ఉదయం నేను టోకెన్ ఇచ్చిన ఇంటి వైపు వెళ్లలేదు గాని, అక్కడ ఇప్పుడు ఎవరున్నారో అన్న ఆలోచన రోజంతా వదల్లేదు. పాపకు ఆ చలికాలం రెండుసార్లు పిల్లికూతలు వచ్చాయి. మంచిర్యాలలో కిందటేడూ రెండుసార్లే.

మూల్యం చెల్లించింది మాత్రం అత్తమ్మ. మా సందులో పలకరిస్తే నవ్వే మంచి మనుషులే అందరూ, కానీ మాట కలవదు. మొదటి నెల ఆమె మధ్యాహ్నాలు గేటు దగ్గర కుర్చీ వేసుకుని ఎవరో వస్తారన్నట్టు కూర్చునేవారు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆమె గొంతు బొంగురుగా ఉండేది, పొద్దుటి నుంచి మాట్లాడక. అందుకని బాబూపేట ఆవిడను వెతుక్కుంటూ వెళ్లి, అత్తమ్మను పరిచయం చేశాను. ఇప్పుడు మంగళవారం మంగళవారం అత్తమ్మ షేరాటోలో మహాకాళమ్మ గుడికి వెళ్తారు, ఆవిడ అటు నుంచి వస్తుంది. దర్శనం అయ్యాక ఇద్దరూ బాబూపేటలో ఆ ఇంటికే వెళ్లి భోంచేసి కూర్చుంటారు. మొన్న మంగళవారం నాలుగింటికే అత్తమ్మ ఇంట్లో కనిపిస్తే, ఇంత తొందరగా వచ్చారేమని అడిగాను. చెప్పులు విడుస్తూ అన్నారు: "నేనెక్కడ తొందరపడ్డ? కుంపట్లు అంటువెట్టే యాళ్లయింది, ఇగ నువ్వు పో వదినా అని ఆమెనే ఆటో ఎక్కిచ్చింది."